చాటుగా తాగిన నీళ్ళు

మార్చి 6

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రిపోర్టు నా వైపు తిప్పి, ఒక అంకె కింద పెన్నుతో గీత గీసి, రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతున్నారని అడిగింది. నేను నీళ్ళు నమిలాను. తాగడం రాదు గానీ నమలడం మాత్రం నాకు బాగా వచ్చు.

తమ్ముడికి కిడ్నీ ఇచ్చినప్పటి నుంచి ఆరు నెలలకోసారి ఈ పరీక్షలు తప్పవు. ఇంతకుముందు రెండుసార్లూ అంతా బాగుందన్నారు. ఈసారి అంకె పెరిగింది. మందులేమీ రాయలేదు. "ఉన్నది ఒక్కటే కదమ్మా, దాన్ని అలా ఎండబెడితే ఎలా?" అంది. ఒకేసారి చెంబెడు ఎత్తి పోసుకోవడం కాదట. రోజు పొడుగునా కొంచెం కొంచెంగా తాగాలట. ఎండలు ముదిరేలోపు అలవాటు చేసుకోమని చెప్పింది.

సులువైన పనిని మంచినీళ్ళ ప్రాయం అంటారు. అన్నవాళ్ళకు దాహం వేస్తుంది కాబోలు. నాకు వెయ్యదు.

బయటి కుర్చీల్లో ఒకతను పెదవులు తడుపుకుంటూ కూర్చుని ఉన్నాడు. డయాలసిస్‌కి వచ్చినవాడని చూడగానే తెలిసిపోయింది. అటు చూడకుండా మెట్లు దిగాను.

తమ్ముడికి చెప్పాల్సిన పని లేదు. వాడి ఊళ్ళో వాడున్నాడు. ఈ డైరీలో నీళ్ళ సంగతి తప్ప ఇంకేమీ రాయను.

మార్చి 7

రాత్రే తలగడ పక్కన స్టూలు మీద గ్లాసు నింపి, మూత పెట్టి పడుకున్నాను. లేవగానే, ఇంకో పని ముట్టుకోకముందే తాగాలని. సగమే దిగింది. మిగతా సగం మొక్క కుండీలో పోశాను. మొక్క మారాం చెయ్యకుండా తాగింది.

మేము పనిచేసే లాండ్రీ హోటలు అడుగు అంతస్తులో ఉంది. పైన గదుల్లో జనం పడుకుని లేచిన దుప్పట్లన్నీ గొట్టంలోంచి మా దగ్గరికి జారిపడతాయి. ఉతికే యంత్రాలు, ఆరబెట్టే యంత్రాలు, దుప్పటిని లోపలికి లాక్కుని ఇస్త్రీ చేసి వదిలే పెద్ద రోలరు. గోడలకు కూడా చెమట పడుతుంది. తాగేనీళ్ళ డబ్బా ఉంది, ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఆడవాళ్ళ టాయిలెట్ మూడో అంతస్తులో. తాళంచెవి సూపర్‌వైజర్ జేబులో. అందరి ముందూ వెళ్ళి అడగాలి. అందుకని మేమందరం నోరు ఎండగట్టుకుని వచ్చి, నోరు ఎండగట్టుకునే ఇంటికి పోతాం.

దుప్పటికి ఒక కొస నేను పడితే రెండో కొస రేడియో పడుతుంది. అది నోరు మూసిన రోజు లేదు కాబట్టి ఆ పేరు. తనకీ ఆ పేరే ఇష్టం. డాక్టరమ్మ చెప్పిందంతా దానికి చెప్పాను. ఒక్క నిమిషం మాట్లాడలేదు. తరువాత, "నా వాగుడు ఆగాలంటే నువ్వు జబ్బు పడాలన్నమాట" అంది.

మార్చి 8

రెండు గ్లాసులు. రెండోది మందులా మింగాను.

మార్చి 12

ఈవేళ ఒక సంగతి గమనించాను. పని నుంచి వచ్చి గ్లాసు నింపుకుని, అది పట్టుకుని వంటగది తలుపు వెనక్కి వెళ్ళి నిలబడి తాగాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

తమ్ముడు డయాలసిస్ మీద ఉన్న మూడేళ్ళూ అలాగే తాగేదాన్ని. వాడికి రోజు మొత్తానికి కొలత కప్పు. టీ అయినా, మందు మింగే నీళ్ళయినా అందులోనే. ఎక్కువైతే కాళ్ళు వాచి, పడుకుంటే ఊపిరాడక, కూర్చునే తెల్లవార్చేవాడు. ఎండాకాలం ఒక మంచుముక్క దవడన పెట్టుకుని, అది కరిగిపోతుంటే కళ్ళు మూసుకునేవాడు. అది అయిపోకూడదని వాడి మొహంలో కనిపించేది. వాడు మంచం మీంచి చూస్తుండగా నాకు గుక్క దిగేది కాదు. అందుకే తలుపు వెనక, గ్లాసు చప్పుడు కాకుండా, గబగబా రెండు గుటకలు. పోనుపోను ఆ రెండూ కూడా ఎందుకులే అనిపించేది. అలా అలా ఒంటికి అడగడమే మరుపు వచ్చింది.

అమ్మ పోయేటప్పటికి వాడు నా నడుము దాకా ఉండేవాడు. నా చేతి ముద్దలు తిని పెరిగినవాడు. వాడికి లేనిది నేనెలా తాగను?

ఇది నీళ్ళ సంగతే కాబట్టి రాశాను.

మార్చి 15

రేడియో ఒక ఉపాయం చెప్పింది. ఆరబెట్టే యంత్రం గంట కొట్టినప్పుడల్లా ఒక గుక్క తాగమని. గంట మోగకుండా గంట కూడా గడవదు కదా. సీసాకి చిరిగిపోయిన తలగడ గలీబు తడిపి చుట్టి, మడత బల్ల కింద నీడలో పెట్టాను. కళ్ళకు కనిపించేచోట ఉంటే చెయ్యి దానంతటదే పోతోంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఒక నిమ్మచెక్క పడేస్తే రుచి తెలుస్తుందని కూడా రేడియోనే చెప్పింది.

నేను మరిచిపోతే దుప్పటి రెండో కొస నుంచి ఒక్క లాగు లాగుతుంది. నోటితో చెప్పదు. అన్నీ నోటితో చెప్పే మనిషి ఇది మాత్రం చెప్పదు.

మార్చి 19

తమ్ముడి పుట్టినరోజు. పొద్దున్నుంచి ఫోను చూస్తూనే ఉన్నాను, రాలేదు. వాడి పుట్టినరోజుకి వాడెందుకు చేస్తాడని ఇప్పుడు, పడుకోబోతుంటే తట్టింది.

మార్చి 24

రాయనన్నాను. కానీ రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఆపరేషన్ అయ్యాక, ఇక బాగా తాగాలి, ఇన్నేళ్ళూ కట్టేసినదంతా ఇప్పుడు తాగు అని వాడికి డాక్టర్లు చెప్పారు. ఆ మాట విన్నప్పుడు నాకు కుట్ల నొప్పి కూడా తెలియలేదు. నేను లేచి తిరగగలిగిన రోజే బజారుకెళ్ళి మూత ఉన్న గాజు కూజా కొన్నాను. వాడి మంచం పక్కన పెట్టి, గంటకోసారి గ్లాసులో పోసి చేతికిచ్చేదాన్ని. పనిలో చేరాక లాండ్రీ నుంచి ఫోన్ చేసి తాగావా అని అడిగేదాన్ని. మరదలిని అడిగేదాన్ని. వచ్చాక కూజాలో ఎంత తగ్గిందో చూసేదాన్ని. వాడు రానురాను మాట తగ్గించాడు. మందుల వల్ల అనుకున్నాను.

ఒక సాయంత్రం గ్లాసు అందిస్తే తీసుకోలేదు. నా మొహంలోకి చూసి, "అక్కా, దీన్ని నాకిచ్చావా, అద్దెకిచ్చావా?" అన్నాడు.

పొయ్యి దగ్గరున్న మరదలు మంట ఆపేసింది. గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది.

తరువాత కొన్నాళ్ళకే వేరే ఊళ్ళో కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం దొరికిందన్నాడు. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం వాడికి వచ్చిన పని. ఆ పని ఈ ఊళ్ళోనూ ఉంది. మొదట్లో ఆదివారాలు ఫోన్ చేసేవాడు. తరువాత మరదలి మెసేజీలు. చలికాలం వచ్చాక అవీ లేవు.

తాగమనడం తప్పా? బిడ్డకి తాగమని చెప్పినట్టు చెప్పాను, అంతే. వాడిమీద నాకు కోపం లేదు. అసలు వాడి గురించి ఆలోచించడమే లేదు.

ఏప్రిల్ 2

నీళ్ళు తాగడం వస్తోంది, వెళ్ళడానికే చోటు లేదు. రేడియోని వెంటబెట్టుకుని సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళాను. తాళంచెవి గోడకు తగిలించి ఉంచమని, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకెళ్తారని అడిగాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, రోజుకి ఎన్నిసార్లు వెళ్తారేమిటని అడిగాడు. నాకు మొహం కాలిపోయింది.

"ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు సార్. మీరెన్నిసార్లు వెళ్తారో మేం లెక్కెట్టామా?" అంది రేడియో.

వెనక రోలరు దగ్గర ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు గానీ, ఒక కిడ్నీ సంగతి నేను నెమ్మదిగా చెప్పాక తల వంచుకుని ఏదో కాగితం వెతికాడు. మధ్యాహ్నానికి తలుపు పక్కన మేకు కొట్టి ఉంది. దానికి తాళంచెవి. సాయంత్రం దాకా ఆ తాళంచెవి మేకు మీద కుదురుగా ఉంటే ఒట్టు. ఆడవాళ్ళందరూ ఇన్నేళ్ళ బాకీ ఒక్కరోజే తీర్చుకున్నారు.

ఏప్రిల్ 9

లేవగానే ఒక గ్లాసు పూర్తిగా తాగుతున్నాను. మొక్కకి దాని వాటా వేరే పోస్తున్నాను. టీ ఒకటి మానేశాను. మధ్యాహ్నం అన్నంతో పాటు దోసకాయ ముక్కలు, ఇంటికొచ్చాక పుచ్చకాయ. అవి కూడా నీళ్ళేనని డాక్టరమ్మ చెప్పింది. పడుకునే ముందు మాత్రం ఎక్కువ తాగకూడదు, నిద్ర పాడవుతుంది. మూత్రం రంగు కూడా తేలికపడింది. చిక్కటి టీ రంగు పోయి ఎండుగడ్డి రంగుకి వచ్చింది. ఇది ఎవరితోనైనా చెప్పుకుని సంతోషించే విషయమేనా? అయినా చెప్పుకోవాలనిపించింది.

ఫోను తీశాను. "నీళ్ళు తాగుతున్నావా" అని రాసి కొట్టేశాను. "ఎలా ఉన్నావురా" అని రాసి అదీ కొట్టేశాను. "పుచ్చకాయ బాగుంది" అని రాశాను. అది పంపితే పిచ్చిదనుకుంటాడు. ఫోను బోర్లించి లేచి వెళ్ళి ఒక గ్లాసు తాగాను. తలుపు వెనకే.

ఏప్రిల్ 10

ఫోన్ చెయ్యను.

ఏప్రిల్ 11

చెయ్యలేదు.

ఏప్రిల్ 17

హోటల్లో ఏవో పెద్ద సమావేశాలు. అన్ని గదులూ నిండిపోయాయి. గొట్టంలోంచి దుప్పట్లు ఆగకుండా పడుతూనే ఉన్నాయి. గంట మోగినా చెయ్యి సీసా మీదికి పోవడం లేదు. మూడో అంతస్తు దాకా ఎక్కి దిగే తీరిక లేదు, కాబట్టి తాగే తీరికా లేదు. రేడియో రెండుసార్లు దుప్పటి లాగింది, నేను మొహం చిట్లించాను. ఈ వారం గడిస్తే మళ్ళీ మొదలుపెడతాను. వెళ్ళినప్పుడు కాస్త మంటగా ఉంది. ఎండాకాలం కదా, మామూలే.

ఏప్రిల్ 18

మామూలే.

ఏప్రిల్ 21

రాత వంకరటింకరగా పడుతోంది.

నిన్న రోలరు ముందు నిలబడే ఉన్నాను. అంత ఆవిరిలోనూ చలి పుట్టింది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఉతికి ఆరబెట్టిన వెచ్చటి దుప్పట్లు నాలుగు కప్పి రేడియో, సూపర్‌వైజర్ కలిసి ఆటోలో ఎక్కించారు. ఇన్ఫెక్షన్ అట. మూత్రంలో మొదలై పైకి పాకిందట, ఉన్న ఒక్కదాని దాకా. ఈసారి డాక్టరమ్మ తిట్టింది. కడుపు నిండా తిట్టింది. నాకు హాయిగా అనిపించింది. చేతికి సెలైన్ పెట్టారు. వేళకే వచ్చారు, కుదుటపడుతుంది, కానీ మూడు నాలుగు రోజులు కదలనివ్వను అంది.

తమ్ముడికి చెప్పొద్దని రేడియోకి గట్టిగా చెప్పాను. ఒట్టు వేయించుకున్నాను. తరువాత నా ఫోను దాని చేతికిచ్చాను, ఛార్జింగు పెట్టమని.

ఏప్రిల్ 22

మధ్యాహ్నం మరదలు ఫోన్ చేసింది. రేడియో కిటికీ దగ్గరికి వెళ్ళి బయట ఏదో వింత ఉన్నట్టు చూస్తూ నిలబడింది.

మరదలు ముందు ఏడ్చింది. తరువాత నా ఒంటి సంగతి అడిగింది. నేను వాడి ఒంటి సంగతి అడిగాను. బాగానే ఉందని, మళ్ళీ కాసేపాగి, బాగానే ఉంది కానీ అని అంది. ఆ కానీ దగ్గర నా ప్రాణం పోయి వచ్చింది.

"ఆయన కూడా సరిగ్గా తాగట్లేదు వదినా. గ్లాసు నోటిదాకా తీసుకెళ్తారు, అక్కడ ఆగిపోతారు. తాగితే మళ్ళీ ఊపిరాడదేమోనని. డాక్టరు తాగమంటున్నాడు, మనసుకి తెలుసు, గొంతే ఒప్పుకోవట్లేదంటారు. మొన్న ఇక్కడి డాక్టరు కూడా కోప్పడ్డాడు."

ఇక్కడ ఉన్నప్పుడు నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"మీకెలా చెప్తారు వదినా? మీరు కోయించుకుని ఇచ్చాక, ఒక గ్లాసు నీళ్ళు తాగలేకపోతున్నానని మీ మొహం చూసి ఎలా చెప్తారు? అందుకే ఆ రోజు అంత మాటన్నారు. అందుకే ఊరొదిలి వచ్చారు."

ఆ సంగతి వాడన్నాడా, నువ్వంటున్నావా అని అడిగాను.

"నేనే అంటున్నాను. ఆయన అనరు."

ఫోను పెట్టేశాక చాలాసేపు సెలైన్ సీసాలోంచి చుక్కలు పడటం చూస్తూ పడుకున్నాను. నేను కూజాలో ఎంత తగ్గిందని చూస్తుంటే, వాడు ఆ నీళ్ళు ఎక్కడ పారబోసేవాడో. కిటికీలోంచేనా? కిటికీ కింద గోడ ఎప్పుడూ తడిగా ఉండేది. పైపు కారుతోందనుకుని ప్లంబర్‌ని కూడా పిలిపించాను.

నవ్వొచ్చింది. కుట్లు ఎప్పుడో మానిపోయాయి, అయినా అక్కడ చెయ్యి పెట్టుకుని నవ్వాను. రేడియో పరుగెత్తుకొచ్చి నర్సుని పిలవనా అంది.

ఏప్రిల్ 23

వాడు రాడు. రావద్దనే మరదలికి చెప్పాను.

ఏప్రిల్ 25

నిన్న ఇంటికి పంపారు. ఈవేళ మిట్టమధ్యాహ్నం తలుపు చప్పుడైతే రేడియో అనుకున్నాను.

తమ్ముడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. కొంచెం ఒళ్ళు చేశాడు. చెవుల దగ్గర నెరిసింది. ఎంత చిన్నవాడు, నెరవడమేమిటి? గుమ్మంలో చెప్పులు విప్పుతూ, తల ఎత్తకుండా అన్నాడు.

"అక్కా, కాసిని మంచినీళ్ళివ్వు."

ఎండనపడి వచ్చిన ఎవరైనా, ఏ ఇంటి గుమ్మంలోనైనా అనే మాట. వాడి నోట ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. జబ్బు పడ్డాక వాడు ఈ ఇంట్లో నీళ్ళు అడగడమే మానేశాడు. కాళ్ళు వంటగదికి ఎలా తీసుకెళ్ళాయో తెలియదు. గ్లాసు నింపి తెచ్చి ఇచ్చాను. వాడు కుర్చీలో కూర్చుని నోటిదాకా తీసుకెళ్ళాడు. మరదలు చెప్పినట్టే ఆగిపోయాడు.

తాగరా అని నాలుక చివరి దాకా వచ్చింది. పళ్ళ మధ్యన నాలుక పట్టుకున్నాను. చూడకూడదనుకున్నాను. నా గ్లాసు తీసుకుని తలుపు వెనక్కి నడిచాను.

"ఎక్కడికి?" అన్నాడు.

ఎక్కడికీ లేదన్నాను.

"నాకు తెలుసక్కా. అప్పుడూ తెలుసు. నువ్వు తలుపు వెనక్కి వెళ్ళినప్పుడల్లా నేను నిద్ర నటించేవాణ్ణి, నువ్వు భయం లేకుండా తాగుతావని. రెండు గుటకలకే వచ్చేసేదానివి. ఇంకొక్కటి తాగొచ్చు కదా అనుకునేవాణ్ణి."

గ్లాసు పట్టుకుని తలుపు పక్కనే నిలబడ్డాను.

"ఇలా వచ్చి కూర్చుని తాగు. నేను చూస్తాను."

వచ్చి వాడి ఎదురుగా కూర్చున్నాను. గ్లాసు పళ్ళకు తగిలి చప్పుడైంది. వాడు చూస్తుండగా అడుగుదాకా తాగాను. నీళ్ళు ఛాతీలోంచి దిగడం తెలిసింది. అప్పుడు వాడు ఒక గుక్క తాగాడు. ఆగి ఊపిరి పీల్చుకుని చూసుకున్నాడు, ఆడుతోంది. ఇంకో గుక్క. వాడి గ్లాసు ఖాళీ కావడానికి నేను అన్నం వార్చి, కూర దింపేంత సేపు పట్టింది. నేను ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు. రెండుసార్లు చూశాను.

తింటూ నన్ను కోప్పడ్డాడు. నా చెవుల్లో ఇల్లు కట్టుకుని నీళ్ళు నీళ్ళు అని చెప్పినదానివి నువ్వు చేసిందేమిటి అని. అది వినడానికి ఎంత బాగుందో రాయలేను. తిన్నాక నా కళ్ళజోడు అడిగి తీసుకున్నాడు. జేబులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి, వదులైపోయిన కాడ బిగించి, అద్దాలు చొక్కా అంచుతో తుడిచి, వాడే నా చెవులకు పెట్టాడు. అద్దె మాట ఇద్దరమూ ఎత్తలేదు. తలుపు దాకా వెళ్ళాక, "అప్పుడు ఏదో వాగానక్కా" అన్నాడు. ఎప్పుడని అడిగాను. నా మొహం చూసి నవ్వాడు.

రేపు షాపు తెరవాలట. సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. ఉండమని అడగలేదు. అడిగితే ఉండేవాడేమో. బస్సు మలుపు తిరిగాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను, ఇంకో బస్సు ఎక్కాల్సినదానిలా.

ఏప్రిల్ 26

క్షేమంగా చేరానని మెసేజీ. నాలుగు ముక్కలు. నేను దానికి ఏం జవాబివ్వాలా అని పొద్దున్నంతా ఆలోచించి, సరే అని పంపాను.

మే 4

మళ్ళీ పనిలో చేరాను. ఒక వారం రోలరు దగ్గరికి రానివ్వనని సూపర్‌వైజర్ నన్ను మడత బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. గంట మోగితే ఇప్పుడు నేనొక్కదాన్నే కాదు, అందరూ సీసాలకేసి చూస్తున్నారు.

రాత్రి అన్నం తిని పళ్ళెం కడుగుతుంటే ఫోను మోగింది. తమ్ముడు. ఏం తిన్నావన్నాడు, చెప్పాను. మరదలు ఎలా ఉందన్నాను, బాగుందన్నాడు. అక్కడ కూడా ఉక్కపోతేనట. కరెంటు పోయి వచ్చిందట. ఇక మాటలు అయిపోయాయి. ఒక్క మాట ఉంది. అది అడగకుండా ఉండటానికి తడిచేత్తో కుళాయి గట్టిగా పట్టుకున్నాను.

"తాగానులే" అన్నాడు వాడే.

నేను అడగలేదు కదరా అన్నాను.

"అడగలేదుగా, అందుకే చెప్తున్నా."

తరువాత వాడేమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఫోను మాత్రం ఇద్దరిలో ఎవరమూ పెట్టెయ్యలేదు.